బ్లాక్స్ బొమ్మలతో పాత నాటకం: ఏ కథకు ఏ పద్ధతి, ఏ బొమ్మలు?

సెలవులు రాగానే పిల్లలున్న ఇళ్లలో బ్లాక్స్ డబ్బా బయటికి వస్తుంది. రెండు రోజులు కార్లు, టవర్లు కడతారు, మూడో రోజుకు మూలన పడేస్తారు. ఆ బ్లాక్స్‌తోనే ఓ పాత నాటకం ఆడించవచ్చని చెబితే మా నల్గొండలో పిల్లలకంటే పెద్దవాళ్లకే ఎక్కువ హుషారు పుడుతోంది. వెంటనే అడిగేది మాత్రం ఒకటే: "ఏ సెట్ కొనాలి సార్?" కొనడం చివరి పని. ఏ నాటకం తీసుకుంటారు, దాన్ని ఏ పద్ధతిలో చెబుతారు అన్నవి ముందు తేలాలి. ఆ రెండూ కుదిరితే ఇంట్లో ఉన్న బ్లాక్స్‌తోనే చాలావరకు పని జరుగుతుంది. కుదరకపోతే వేలు పోసి తెచ్చిన సెట్టు కూడా అలంకారానికే.

బొమ్మకు ఏం వచ్చు, ఏం రాదు

బ్లాక్స్‌లో పేరున్న లెగో కంపెనీ మనిషి బొమ్మ ఇప్పటి రూపంలో 1978లో వచ్చింది. ఎత్తు దాదాపు నాలుగు సెంటీమీటర్లు, అంటే నాలుగు బ్లాకులు ఒకదాని మీద ఒకటి పేర్చినంత. చెయ్యి భుజం దగ్గర తిరుగుతుంది, మోచెయ్యి లేదు. పిడికిలి సన్నటి కడ్డీని గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి కర్ర, చీపురు, కత్తి, దివిటీ ఏదైనా ఇవ్వొచ్చు. కుర్చీలో కూర్చోబెట్టొచ్చు కానీ మోకాళ్లు మడవదు, కాళ్ల మీద పడి వేడుకునే సీను రాదు. తల చుట్టూ తిరుగుతుంది. చాలా తలలకు వెనకవైపు ఇంకో ముఖం అచ్చేసి ఉంటుంది, జుట్టు తీసి తల తిప్పితే నవ్వే మనిషి కోపంగా మారిపోతాడు. పెదవి కదలదు, కన్నీరు రాదు, పద్యం పాడదు.

నాటకం ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఇదే. వస్తువు చేతులు మారాలి, ఎవరో ఒకరు దాక్కోవాలి, వేషం మార్చాలి, తలుపు తెరవగానే రాకూడని మనిషి ఎదురుపడాలి. ఇలాంటి కథలు ఈ బొమ్మల కోసమే రాసినట్టుంటాయి. ఒకడు నిలబడి పది నిమిషాలు మనసులో మాట చెప్పుకునే నాటకమైతే బొమ్మ కొయ్యబారి నిలబడుతుంది, చూసేవాళ్లు ఫోన్లు తీస్తారు.

చెప్పే పద్ధతులు మూడు

ఫొటో కథ అన్నిటికంటే తేలిక. సీనుకు పది పన్నెండు ఫొటోలు తీసి, కింద మాటలు రాసి వరసగా పేరిస్తే అయిపోయింది. ఓ మధ్యాహ్నంలో ఒక సీను ముగుస్తుంది. మాటలో పస ఉన్న నాటకానికి ఇదే మేలు, ఎందుకంటే చదివేవాళ్లు మంచి మాట దగ్గర ఆగి నవ్వుకునే వీలుంటుంది.

స్టాప్ మోషన్ ఓపిక పరీక్ష. బొమ్మను వెంట్రుకవాసి జరుపుతూ ఫొటోలు తీసి వీడియోగా కలపాలి. సెకనుకు 12 ఫొటోలు అనుకుంటే నిమిషానికి 720, ఐదు నిమిషాల సీనుకు 3,600. ఈ లెక్క పిల్లలకు మొదటి రోజే బోర్డు మీద రాసి చూపించండి, సగం గొప్ప ఐడియాలు అక్కడే తగ్గుతాయి. మాటలు ముందు రికార్డ్ చేసుకుని, వాటి నిడివికి తగ్గట్టు బొమ్మలను జరపాలి. బేస్ ప్లేటును, అంటే బొమ్మలు నిలబెట్టే అడుగు పలకను, టేపుతో బల్లకు అంటించాలి, ఫోన్ స్టాండుకు బిగించాలి. కెమెరాలో ఫోకస్‌నూ వెలుతురునూ లాక్ చేయకపోతే వీడియో అంతా మిణుకుమిణుకుమంటుంది. కిటికీ వెలుతురును నమ్ముకుంటే మబ్బు అడ్డం వచ్చినప్పుడల్లా సీనులో సాయంత్రమవుతుంది. కర్టెన్ వేసి ఒక ఎల్ఈడీ బల్బు పెట్టుకోండి. మా వైపు మే నెలలో ఇంకో తిప్పలుంది. ఫ్యాన్ వేస్తే కాగితం చెట్లు, గుడ్డ తెరలు ఊగుతాయి. ఆపితే గదిలో కూర్చోలేం. పొద్దున ఎనిమిదిలోపో, రాత్రి అన్నాలు తిన్నాకో పెట్టుకోవాల్సిందే.

మూడోది బల్ల మీద అప్పటికప్పుడు ఆడే నాటకం. బొమ్మలను చేత్తో జరుపుతూ మాట, పాట అక్కడికక్కడే పలకాలి. తోలుబొమ్మలాటలో తెర వెనక జరిగేది ఇదే కదా. ఇబ్బంది ఏమిటంటే నాలుగు సెంటీమీటర్ల బొమ్మ రెండో వరసలో కూర్చున్నవాళ్లకే సరిగ్గా కనిపించదు. పదిమందికి మించితే ఫోన్ కెమెరాను టీవీకి గానీ ప్రొజెక్టరుకు గానీ కలపాలి. చేతులు కూడా తెర మీద కనిపిస్తాయి, కనిపించనివ్వండి. నల్ల చొక్కా వేసుకుంటే చాలు.

నాటకాల దగ్గరికొస్తే

మొదటిసారి చేసేవాళ్లకు నేను చెప్పేది శూద్రకుడి మృచ్ఛకటికం. పది అంకాల సంస్కృత నాటకం కదా అని భయపడొద్దు, మొత్తం వేయమనడం లేదు. మూడో అంకం ఒక్కటి చాలు. శర్విలకుడు అనే దొంగ రాత్రిపూట చారుదత్తుడి ఇంటికి కన్నం వేస్తాడు. వేసేముందు గోడను తడిమి చూస్తూ దొంగల శాస్త్రం వల్లిస్తాడు: కాల్చిన ఇటుకలైతే ఊడదీయాలి, పచ్చి ఇటుకలైతే కోయాలి, మట్టిముద్దల గోడైతే నీళ్లతో తడపాలి, చెక్కదైతే చీల్చాలి. కన్నం ఏ ఆకారంలో ఉండాలన్నదీ ఆలోచిస్తాడు. తామరపువ్వా, సూర్యుడా, నెలవంకా, స్వస్తికమా, పూర్ణకుంభమా? పొద్దున్నే ఊరివాళ్లు చూసి మెచ్చుకోవాలి కదా మరి. కాల్చిన ఇటుకల గోడ కాబట్టి పూర్ణకుంభం బాగుంటుందని తేల్చుకుంటాడు. కొలతాడు మరిచిపోయి వచ్చి, ఒంటి మీది జంధ్యంతోనే కొలుస్తాడు. ఇటుకలను ఒక్కొక్కటిగా ఊడదీసే సీనును ఇటుకల బొమ్మతో చూపించడం కంటే సొగసైన పని ఇంకేముంటుంది? దీనికి స్టాప్ మోషనే సరి.

ఒక చిక్కుంది. బ్లాకులు పైనా కిందా బిగుసుకుని ఉంటాయి, గోడ మధ్యలోంచి ఒకదాన్ని లాగితే రాదు. అందుకే గోడను రెండు ముక్కలుగా కట్టండి. కన్నం పడే ఎత్తు వరకు కింది ముక్క, దాని మీద గట్టిగా నొక్కకుండా ఆనించిన పై ముక్క. పై ముక్క ఎత్తి, ఒక బ్లాకు తీసి, మళ్లీ పెట్టి ఫొటో. కుండ ఆకారానికి మూతి రెండు బుడిపెల (బ్లాకు పైన గుండ్రంగా పొడుచుకొచ్చినవి) వెడల్పు, పొట్ట ఆరు, అడుగు నాలుగు ఉంటే కుండలాగే కనిపిస్తుంది. గోడ వెనక నల్ల కాగితం పెట్టడం మరిచిపోవద్దు.

అదే నాటకం ఆరో అంకంలో చారుదత్తుడి కొడుకు రోహసేనుడు పక్కింటి పిల్లాడి బంగారు బండి కావాలని ఏడుస్తుంటాడు. చేతిలో ఉన్నది మట్టి బండి. వసంతసేన తన నగలు తీసి ఆ మట్టి బండి నిండా పోస్తుంది. బ్లాక్స్ నాటకంలో బొమ్మ చేతిలో ఇంకో బొమ్మ. ఈ సీనుకు కదలికలు అక్కర్లేదు, నాలుగు ఫొటోలు చాలు. బండిని మాత్రం బ్లాక్స్‌తో కట్టకుండా నిజంగా మట్టితో, వేలి గోరంత చేయించండి.

దీనికి గట్టి పోటీ కన్యాశుల్కం. 1892లో మొదటిసారి రంగస్థలం ఎక్కింది, ఇప్పుడు మనం చదివేది ఎక్కువగా గురజాడ 1909లో తిరగరాసిన పెద్ద పాఠం. మొదటి అంకంలో మధురవాణి ఇంట్లో మంచం కింద దాక్కోవడాలు, చీపురు పట్టుకుని పూటకూళ్లమ్మ రావడం చూడండి. ఒక మంచం, ఒక తలుపు, ఒక చీపురు, నలుగురు మనుషులు. మగపిల్లవాడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లకు పెళ్లికూతురిగా అంటగట్టే ఘట్టమైతే జుట్టు మార్చి పెట్టగానే అయిపోతుంది. మధురవాణి మెడలో వేసుకునే కంటె అనే నగ చేతులు మారే కథ కూడా బొమ్మలకు బాగా నప్పుతుంది, పసుపుపచ్చ తీగను చుట్టి మెడలో వేయండి. అయినా దీన్ని వీడియో చేయొద్దనే నా సలహా. గిరీశం గొప్పంతా నోట్లోనే ఉంది. కదిలే బొమ్మను చూస్తుంటే ఆ మాటలు చెవిని దాటిపోతాయి. ఫొటో కథలో మాట పేజీ మీద నిలబడుతుంది. మన పిల్లలకు ఆ ఉత్తరాంధ్ర యాస కొత్త కాబట్టి నల్గొండ మాటలోకి మార్చేద్దామని కొందరంటారు. నేనొప్పుకోను. కింద ఒక ముక్క వివరణ రాస్తే సరిపోతుంది.

రెండిట్లో ఒక్కటే ఎంచుకోమంటే, ఎనిమిదో తరగతిలోపు పిల్లలతో అయితే మృచ్ఛకటికం, ఇంటర్ పిల్లలతోనూ పెద్దలతోనూ అయితే కన్యాశుల్కం.

పద్య నాటకాల మాటేమిటి? నల్గొండ, పాలమూరు పల్లెల్లో హార్మోనియం పెట్టి పద్యాన్ని సాగదీసి పాడితే "వన్స్‌మోర్" అని అరిచిన తరం ఇంకా ఉంది. వాళ్లకు సత్యహరిశ్చంద్ర కావాలి, లేదా తిరుపతి వేంకట కవుల రాయబారం. బొమ్మ పాడలేదు కాబట్టి వీటిని వీడియోగా చేస్తే నిలబడిన బొమ్మ మీద పాట నడుస్తుంది, అంతే. బల్ల మీద ఆడే పద్ధతి ఇక్కడే అక్కరకొస్తుంది. బొమ్మను మనవడు జరుపుతాడు, పద్యం తాత పాడతాడు. వినేవాళ్లు పాడే మనిషినే చూస్తారు, బొమ్మ ఎవరు ఎక్కడ నిలబడ్డారో చెబుతుంది. రాయబారం కంటే దానికి ముందొచ్చే పడక సీను బొమ్మలకు సులువు. శ్రీకృష్ణుడు మంచం మీద, తల దగ్గర దుర్యోధనుడు, కాళ్ల దగ్గర అర్జునుడు. కళ్లు తెరవగానే ముందు ఎవరు కనిపిస్తారన్నదే కథంతా, పిల్లలకు వివరించక్కర్లేదు. హరిశ్చంద్రలో కాటిసీను తీసుకుంటే గది లైట్లు ఆర్పి ఒకే ఒక టార్చి కింది నుంచి వేయండి, గోడ మీద నీడ మనిషెత్తు లేస్తుంది. పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం చూసినవాళ్లకు నీడ ఏం చేయగలదో చెప్పనక్కర్లేదు.

మాయాబజార్ కథ స్టాప్ మోషన్ కోసమే పుట్టినట్టుంటుంది. 1885లో మొదలైన సురభి సమాజం వాళ్లు తాళ్లతో, తీగలతో రంగస్థలం మీద మాయలు చూపించడంలో సిద్ధహస్తులు. మీకు తాళ్లూ అక్కర్లేదు. ఒక ఫొటోలో ఘటోత్కచుడు ఉంటాడు, తర్వాతి ఫొటోలో శశిరేఖ ఉంటుంది. మాయ అయిపోయింది. పిల్లలు తామే చేసి తామే నోరెళ్లబెట్టేది ఇక్కడే. ఒక్కటే జాగ్రత్త, మాయల మోజులో పడి కథ మరిచిపోతారు.

మన జిల్లా కథే కావాలంటే తెలంగాణ రైతాంగ పోరాటం మీద సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన మా భూమి ఉంది. ప్రజా నాట్యమండలి దళాలు ఊరూరా ఆడిన నాటకం. దొర ఉండే కోటలాంటి గడీ కట్టడానికి బ్లాక్స్‌ను మించినవి లేవు, ఎత్తు ప్రహరీ, పెద్ద దర్వాజా అన్నీ చతురస్రాలే. కష్టం జనంతో. ఊరంతా గడీ మీదికి రావాలంటే ముప్పై బొమ్మలు ఎక్కడ తెస్తాం? ముందు వరసలో అయిదుగురు నిజం బొమ్మలు పెట్టి, వెనక రంగురంగుల బ్లాకులు రెండేసి నిలువుగా పేర్చండి. కొంచెం ఫోకస్ తప్పిస్తే జనమే అనిపిస్తారు. ఊళ్లో పెద్దవాళ్లు ఆ రోజుల సంగతులు చెబితే వాళ్ల గొంతునే నేపథ్యంగా వాడుకోండి.

పరాయి నాటకాల్లో సోఫోక్లీస్ రాసిన ఈడిపస్ రాజు నాకు నచ్చిన ఎంపిక. గ్రీకు విషాద నాటకాల్లో మాట్లాడే నటులు ముగ్గురే, ముఖాలకు తొడుగులు వేసుకుని పాత్రలు మార్చుకునేవారు. రెండు ముఖాల తల అందుకే పుట్టిందా అన్నట్టుంటుంది. నెత్తురు కారే ఘోరమంతా తెర వెనక జరిగి, దూత వచ్చి చెబుతాడు కాబట్టి పిల్లలతో చేయడానికీ ఇబ్బంది లేదు. అయితే కథలో తల్లీకొడుకుల పెళ్లి ఉంది, హైస్కూలు దాటినవాళ్లతోనే చేయండి. గ్రీకుల అర్ధచంద్రాకారపు ప్రేక్షకశాల బ్లాక్స్‌తో కట్టడం గోస. నాగార్జునసాగర్ వెళ్లినప్పుడు అనుపులో చూసే ఇక్ష్వాకుల కాలపు రంగస్థలం గుర్తుందా? నలుచదరపు నేల, చుట్టూ మెట్లు. దాన్ని కట్టుకోండి, అచ్చు గ్రీకుది కాకపోయినా మన కంటికి ఇంపుగా ఉంటుంది. షేక్‌స్పియర్‌లో మాక్‌బెత్ మేలు, కొమ్మలు పట్టుకున్న సైనికులతో అడవి కదిలివచ్చే సీను ఒక్కటే చేసినా చాలు. హామ్లెట్ జోలికి పోవద్దు, స్వగతాలు ఎక్కువ.

వేశ్య కథ చెప్పే చింతామణి నాటకం పిల్లల గుంపుకు తగదు. ఒక కులాన్ని వెక్కిరిస్తోందన్న అభ్యంతరాలతో 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది కూడా. కాళ్లకూరి నారాయణరావే రాసిన వరవిక్రయం తీసుకోండి. కట్నం లెక్కపెట్టే సీనులో గుండ్రటి చిన్న బ్లాకులను నాణేలుగా పేర్చితే పెళ్లికొడుకు ధర ఎంతో కంటికి కనిపిస్తుంది.

ఇప్పుడు కొనే సంగతి

లెగో డెన్మార్క్ కంపెనీ. ఇప్పటి బ్లాకుకు పేటెంట్ దరఖాస్తు 1958 జనవరి 28న పెట్టారు. ఆ హక్కులు ఎప్పుడో ముగిశాయి కాబట్టి అదే కొలతలతో, అంటే బుడిపె నుంచి బుడిపెకు 8 మిల్లీమీటర్ల దూరంతో, ఇంకా చాలామంది చేస్తున్నారు. అసలుది మన దగ్గర ఖరీదు కావడానికి దిగుమతి సుంకం ఒక కారణం. బొమ్మల మీద 2020లో 20 శాతం నుంచి 60కి, 2023 బడ్జెట్లో 70కి పెంచారు.

నా లెక్క ఇది. గోడలు, ఇళ్లు, గడీలు లోకల్ బ్లాక్స్‌తో కట్టేయండి. నల్గొండ క్లాక్ టవర్ దగ్గరో, మహబూబ్‌నగర్ బజార్లోనో దొరికే సంచి సరుకుతో వెనక గోడ నిలబడితే చాలు, పట్టు కాస్త వదులైనా పరవాలేదు. మనుషులు మాత్రం అసలువే కొనండి, ఆరుగురు చాలు. లోకల్ బొమ్మల్లో చాలావాటికి పిడికిలి వదులుగా ఉండి చీపురు జారిపోతుంది, చెయ్యి ఎత్తిన చోట నిలవక దిగిపోతుంది. స్టాప్ మోషన్‌లో దీనంత ప్రాణం తీసేది మరొకటి లేదు. ఫొటో కథకైతే లోకల్ బొమ్మలతోనూ నెట్టుకురావొచ్చు. ఏది కొన్నా డబ్బా మీద ఐఎస్ఐ గుర్తు చూడండి, 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు అది తప్పనిసరి. ఇంట్లో మూడేళ్లలోపు పిల్లలుంటే చిన్న బ్లాకులు నేల మీద వదలొద్దు. వాళ్లకు డూప్లో లాంటి పెద్ద బ్లాకులు వేరే ఉన్నాయి కానీ వాటి బొమ్మలకు జుట్టు మారదు, నాటకానికి పెద్దగా పనికిరావు.

32 బుడిపెల బేస్ ప్లేటు దాదాపు 25 సెంటీమీటర్లు ఉంటుంది. బొమ్మ లెక్కన చూస్తే పది మీటర్ల వేదికతో సమానం, ఊరి నాటకానికి అది చాలా పెద్ద స్టేజీ. కాబట్టి 48 బుడిపెల ప్లేటుకు డబ్బు పెట్టకండి.

చీరల దగ్గర అందరూ తంటాలు పడతారు. కాళ్లు తీసేసి ఏటవాలు బ్లాకు పెడితే లంగా లాగా ఉంటుంది, కుచ్చిళ్లు రావు. నారాయణపేట చీర ముక్క చుడదామంటే అంచే బొమ్మంత ఉంటుంది. పల్చటి రంగు కాగితం మీద స్కెచ్ పెన్నుతో అంచు గీసి చుట్టడం ఇప్పటికి నాకు తెలిసిన మంచి పద్ధతి.

పౌరాణికాలకు మాత్రం ఇంకో దారి ఉంది, నాకు చాలా ఇష్టమైనది. మనుషులందరూ బ్లాక్స్ బొమ్మలు, దేవతలూ మహర్షులూ పొనికి కర్ర నిర్మల్ బొమ్మలో, చింతగింజల అంబలి, రంపపు పొట్టుతో చేసే చేర్యాల బొమ్మలో. సైజు కలవదని ఎవరైనా అంటారు. కలవకూడదు. నాలుగు సెంటీమీటర్ల హరిశ్చంద్రుడి ముందు జానెడు విశ్వామిత్రుడు నిలబడితే ఎవరి మాట చెల్లుతుందో డైలాగ్ లేకుండానే తెలుస్తుంది.

బయట పెట్టేముందు హక్కులు

ఇంట్లో ఆడుకుంటే ఏ గొడవా లేదు. నెట్‌లో పెడితే చూసుకోవాలి. మన దేశంలో రచయిత చనిపోయిన తర్వాత 60 ఏళ్ల వరకు హక్కులుంటాయి. గురజాడ 1915లో, తిరుపతి వేంకట కవుల్లో చెళ్లపిళ్ల 1950లో, హరిశ్చంద్ర రాసిన బలిజేపల్లి 1953లో పోయారు, వాళ్ల నాటకాలు ఎవరైనా వాడుకోవచ్చు. కానీ కాటిసీనులో నటులు పాడుతూ వచ్చిన జాషువా పద్యాలు వేరే లెక్క. ఆయన 1971లో పోయారు, అంటే 2031 చివరి వరకు హక్కులున్నాయి. వీడియోలో అవి లేకుండా బలిజేపల్లి పద్యాలతోనే నడపండి, లేదా అనుమతి తీసుకోండి. మా భూమికి కూడా రచయితల వారసులను అడగాల్సిందే. పాత నటుల రికార్డింగుల మీద హక్కులు వేరుగా ఉంటాయి, డౌన్‌లోడ్ చేసి బొమ్మల వెనక పెడితే వీడియో తీసేస్తారు. ఊళ్లో పద్యం పాడే పెద్దాయన ఎవరైనా ఉంటే ఆయన చేత పాడించి రికార్డ్ చేసుకోండి, పేరు వేయొచ్చా అని అడిగి వేయండి.